నడిచే మిషన్ మీద పాలకుర్తి గుట్ట

ఆ రోజు పొద్దున సారంగపాణి వేసుకున్న పథకం చాలా చిన్నది. దుకాణానికి పోతున్నానని ఇంట్లో చెప్పి, వరంగల్ స్టేషన్ రోడ్డులో డాక్టర్ రాజేశ్వర్ రావు దగ్గర గుండె పరీక్ష చేయించుకుని, ఎవరికీ తెలియకుండా వచ్చి బట్టల దుకాణం తీయాలి. పరీక్ష నెగ్గితే భార్య భారతితో పాలకుర్తి గుట్ట ఎక్కి, పైన గుడిలో దర్శనం చేసుకోవచ్చు. పెళ్లయినప్పటి నుంచి ఆమె అడుగుతూనే ఉంది, ఈయన సీజను అంటూ దాటవేస్తూనే ఉన్నాడు. తీరా ఒప్పుకున్న నెలలోనే ఛాతీలో నొప్పి వచ్చింది. పరీక్ష అయ్యేదాకా మెట్లు ఎక్కొద్దన్నాడు డాక్టరు. ఆ సంగతి భారతికి చెప్పే ధైర్యం మాత్రం మన పెద్దమనిషికి లేకపోయింది.

1986లో ఆ పరీక్ష చేసే మిషన్ ఊరికి కొత్త. కాళ్ల కింద రబ్బరు పట్టా తిరుగుతుంటే మనిషి ఉన్నచోటే నడవాలి. చొక్కా విప్పించి ఛాతీ నిండా తీగలు అంటించారు. ఆయన్ని దింపిన రిక్షా ఎల్లస్వామి కిటికీలోంచి అంతవరకే చూసి, గుండె ఝల్లుమని బజారుకు తొక్కాడు.

"జర ఎత్తు పెంచుతాన్న. అలసటైతే చెప్పు," అన్నాడు డాక్టరు.

పట్టా ముందువైపు లేచింది. సారంగపాణి కళ్లు మూసుకున్నాడు. ఇంకేముంది, పాలకుర్తి గుట్ట వచ్చేసింది. మంచు విడుతోంది, ఎక్కడో కర్పూరం వాసన, కాస్త పైమెట్ల మీద భారతి చీర కొంగు గాలికి ఎగురుతోంది. ఆమె వెనక్కి తిరిగి నవ్వింది. పెళ్లిలో కూడా అట్లా నవ్వినట్టు ఆయనకు గుర్తు లేదు. ఇంకాస్త ఎక్కితే చెయ్యి అందుతుందనగా గుట్ట ఆగిపోయింది. కరెంటు పోయింది.

"ఇప్పట్ల రాదు. పరీక్ష సగంలనే ఉన్నది, నేనేం చెప్పలేను," అన్నాడు డాక్టరు. సారంగపాణి ఆ సగం గుట్ట దిగకుండానే, కలలో నడిచినట్టు మెల్లగా బజారు దారి పట్టాడు.

అక్కడ ఎల్లస్వామి అప్పటికే ఇత్తడి సామాన్ల కిషన్ రావుకు కబురు మోశాడు. "సారంగపాణి సేటు ఛాతి నిండ తీగలు పెట్టిండ్లు. మాట లేదు, పలుకు లేదు."

భారతిని కలిసి చెబుదామని కిషన్ రావు షట్టరు సగం దించి బయల్దేరాడు. అదే కొంప ముంచింది. ఆ బజారులో షట్టరు సగం దిగిందంటే మనవాళ్లెవరో పోయారని అర్థం. ఎవరని అడగడం మర్యాద కాదు. తనదీ సగం దించి, ముందు పోయేవాడి వెనక నడవాలి. పక్క దుకాణం దిగింది, దాని పక్కదీ దిగింది. కిషన్ రావు సారంగపాణి ఇంటి ముందు నిలబడి వెనక్కి చూసేసరికి బజారంతా తల వంచుకుని నిలబడి ఉంది. ఎవరో పూలదండ కూడా తెచ్చారు.

"వదినా, అన్న దవాఖానల ఉన్నడట. ఫికర్ చేయకు," అన్నాడు కిషన్ రావు. దండ చూశాక భారతికి ఆ మాట చెవికెక్కుతుందా? గుమ్మంలోనే కూలబడింది.

సారంగపాణి బజారు చేరేసరికి షట్టర్లన్నీ సగం దిగి ఉన్నాయి, పూలమ్మే మొగిలమ్మ ఒక్కతే ఉంది.

"ఎవరు పోయిండ్లు అవ్వా?"

"నాకేమెరుక కొడుకా. అందరు మీ ఇంటి దిక్కే పోయిండ్లు."

ఇంట్లో ఉన్నది ఒక్క భారతి. కల చెదిరిపోయింది. సారంగపాణి పరుగెత్తాడు. తన గుండె సంగతే ఆయనకు గుర్తు లేదు. ఆమె లేకపోతే గుట్టా వద్దు, దుకాణమూ వద్దు అనుకుంటూ పరుగెత్తాడు. కరెంటు వచ్చిందని పిలవడానికి బయల్దేరిన డాక్టరు, స్కూటరు మీద కూడా ఆయన్ని అందుకోలేకపోయాడు.

గుమ్మంలో భార్యాభర్తలు ఒకరినొకరు చూసుకున్నారు.

"నాకు చెప్పకుంట పోతవా," అని భారతి ఆయన భుజం మీద ఒక్కటేసి, అదే భుజం మీద తల పెట్టి ఏడ్చింది.

డాక్టరు వచ్చి నాడి పట్టుకున్నాడు. "నొప్పి ఉన్నదా?"

"లేదు సారూ."

"ఆయాసం?"

"ఇంత ఉరికితె ఉండదా సారూ."

"మిషన్ మీద నిన్ను ఇంత ఉరికిచ్చే ధైర్యం నాకు లేకుండె," అన్నాడు డాక్టరు. మరునాడు కరెంటు ఉన్న వేళ చూసి పరీక్ష మొదటి నుంచి పూర్తిగా చేసి, గుట్ట ఎక్కవచ్చని చెప్పాడు. ఎందుకైనా మంచిదని తానూ తోడు వస్తానన్నాడు.

ఆ నెలలోనే ఎక్కారు. సారంగపాణి, భారతి చెయ్యీ చెయ్యీ పట్టుకుని పైదాకా పోయి దర్శనం చేసుకున్నారు. డాక్టర్ రాజేశ్వర్ రావు సగం మెట్ల దగ్గరే కూర్చుని, వాళ్లు దిగివచ్చేదాకా తన నాడి తానే పట్టుకుని చూసుకున్నాడు.