ఓబిలేష్ కువైట్ లైసెన్సు

ఆ సోమవారం పొద్దున ఓబిలేష్ వేసుకున్న పథకం చాలా చిన్నది. తనకల్లులో బస్సెక్కడం, అనంతపురం ఆర్టీవో ఆఫీసులో కువైట్ లైసెన్సు చూపించి ఇక్కడి లైసెన్సు రాయించుకోవడం, సాయంత్రానికి ఇల్లు చేరడం. కదిరిలో ఒక స్కూలు బస్సుకు డ్రైవరు కావాలి. ఆ పని దొరికితే భార్య అరుణజ్యోతి కోరినట్టు ఊళ్ళోనే ఉండిపోవచ్చు. దొరక్కపోతే వీసా గడువు తీరేలోగా మళ్ళీ ఎడారికి విమానం ఎక్కాల్సిందే. ఆరేళ్ళు అరబ్బు సేటు కారు నడిపినవాడు కదా, రెండు దేశాల మధ్య ఏదో ఒక ఒప్పందం ఉండకపోతుందా అని అతని ధీమా.

ఇస్త్రీ చొక్కా తొడుక్కుని పెట్టె తెరిచాడు. లైసెన్సు కార్డు లేదు.

“అమ్మా, నా కార్డు యాడ పెట్టినావు?”

“అరబ్బీ రాతల బిళ్ళా?” అన్నది అంజనమ్మ పొయ్యి ఊదుతూ. “నాగలక్ష్మమ్మ మనవనికి జరం తగ్గలేదంటే ఇచ్చినా. పీర్ల పండక్కి ఎత్తే కుళ్ళాయప్ప సామి పీర్ల మీద అట్లాంటి రాతలే గదా ఉండేది. నీళ్ళలో ముంచి, ఆ నీళ్ళు తాపమన్నా.”

“అది లైసెన్సుమ్మా! దాని మీద నా ఫోటో ఉండాది!”

“ఆరేండ్లు పరాయి దేశంలో నీ మీద ఈగ వాలనీకుండా కాపాడింది. దానికి పిల్లోని జరం ఒక లెక్కా?”

ఆవిడ భక్తితో వాదించే తీరిక లేదు. ఓబిలేష్ నాగలక్ష్మమ్మ ఇంటికి పరుగు తీశాడు. జ్వరం పిల్లవాడు అప్పటికే వీధిలో కోడిని తరుముతున్నాడు. వాడు సర్కారు డాక్టరు ఇచ్చిన మాత్రలు కూడా మింగాడు గానీ, ఆ మాత్రలకు ఎవరూ దండం పెట్టలేదు.

“సల్లగుండు నాయనా! నీ బిళ్ళ మా పిల్లోన్ని బతికించింది,” అని మెటికలు విరిచింది నాగలక్ష్మమ్మ.

“బిళ్ళ ఏదవ్వా?”

“ఎర్రన్న తీసకపోయె. చేన్లో బోరు ఏపిస్తాండాడు గదా.”

ఎర్రన్న ఊళ్ళో పెద్ద రైతు. వేసిన బోరల్లా దుమ్ము కక్కితే, ఉన్న చెట్లు కూడా ఎండగట్టుకున్నవాడు. మునిగేవాడికి గడ్డిపోచ ఆసరా అంటారు, ఆయనకేమో మునగడానికి కూడా నీళ్ళు లేవు.

చేను దగ్గరికి పోయేసరికి బోరు లారీ పక్కన నీళ్ళు తాటిచెట్టంత ఎత్తు లేచి పడుతున్నాయి. ఊరు ఊరంతా ఆ నీళ్ళ కింద నిలబడి ఉంది. పుట్టిన ఊళ్ళో అన్ని నీళ్ళు ఒక్కచోట చూసి ఎన్నేళ్ళయిందో! ఓబిలేష్ ఒక్క క్షణం కార్డు సంగతే మరిచిపోయాడు. అంతలో ఎర్రన్న బురద ఒంటితో వచ్చి ఇస్త్రీ చొక్కాను గట్టిగా కావలించుకున్నాడు.

“నీ బిళ్ళ సామాన్యమైంది కాదప్పా! ఇంక లాభం లేదు, ఎత్తేస్తామనిరి లారీవాళ్ళు. బిళ్ళ ఏసి, ఇంక రెండు రాడ్లు దింపమంటి. పడె గంగమ్మ!”

“ఏసి... అంటే? యాడ ఏసినావన్నా?”

“నీళ్ళలో ముంచల్లని చెప్పె నాగలక్ష్మమ్మ. చేన్లో నీళ్ళుంటే నేను బోరెందుకు ఏపిస్తా? అందుకే బోరులోనే ఏసినా.”

ఓబిలేష్ గట్టు మీద కూలబడి స్కూలు బస్సు సంగతి చెప్పాడు. విన్న ఎర్రన్న ముఖం చిన్నబోయింది. “పా, ఆ ఆఫీసరుకు నేనే చెప్తా,” అని అప్పటికప్పుడు జీపు తీశాడు.

అనంతపురంలో బ్రేకు ఇన్‌స్పెక్టరు బురద కొట్టుకున్న ఆ ఇద్దరినీ ఎగాదిగా చూశాడు.

“లైసెన్సు పోగొట్టుకున్నావా?”

“పోలేదు సార్, భద్రంగా ఉండాది. మా బోరులో,” అని ఎర్రన్న జరిగిందంతా పూసగుచ్చినట్టు చెప్పాడు.

ఇన్‌స్పెక్టరు కళ్ళజోడు తీసి తుడుచుకున్నాడు. “కార్డుకు కార్డు మార్చుకునే ఒప్పందం ఆ దేశంతో మనకు లేదయ్యా. పైగా అది కారుది, నీకు కావాల్సింది బస్సుది. నువ్వు కార్డు తెచ్చినా నా మాట ఇదే. అందరి మాదిరే ఎల్.ఎల్.ఆర్. తీసుకుని మొదట్నుంచీ రా. బస్సు చేతికి రావాలంటే ఏడాది పైనే పడతాది.”

ఏడాది! అప్పటికి స్కూలు బస్సూ ఉండదు, వీసా కూడా ఉండదు. ఎర్రన్న ఓబిలేష్ భుజం మీద చెయ్యి వేశాడు.

“ఏడాదైతే ఏమప్పా? అందాక నా చేను చెరిసగానికి చెయ్యి. నీళ్ళు పడింది నీ బిళ్ళతో. సగం నీళ్ళు నీవే. మళ్ళా ఆ దేశం పోవద్దు.”

ఓబిలేష్ కళ్ళు చెమర్చాయి. సంపాదనంతా దూరంలోనే ఉందనుకుని ఆరేళ్ళు పోగొట్టుకున్నవాడికి, సొంత ఊరి మట్టి ఇంత దయగా పిలుస్తుందని తెలియదు. కార్డుకూ, దాన్ని నమ్మిన అమ్మకూ, ఆ చేతి బురదకూ మనసులోనే మొక్కుకున్నాడు.

ఇద్దరూ లేవబోతుంటే ఇన్‌స్పెక్టరు కూర్చోమని సైగ చేసి, తలుపు దగ్గరకు వేసి వచ్చాడు.

“మాది విడపనకల్లు పక్కన పల్లె. ఏసిన బోరల్లా దుమ్మే,” అన్నాడు గొంతు తగ్గించి. “మీ ఊరికి కువైట్ నుంచి ఈ మధ్య ఇంకెవరన్నా వచ్చినారా?”