పురుగు దూరని కాయ

పన్నెండేళ్ల పరిశోధన ఫలించి, గులాబీ పురుగు దూరలేని పత్తికాయను ప్రభుత్వ పరిశోధనా కేంద్రం కనిపెట్టిందని ఆసిఫాబాద్ ప్రాంత రైతుల తరఫున మీ అందరికీ సంతోషంతో తెలియజేస్తున్నాను. అనుమానమున్నవారు మా ఊరి ఐలవ్వ చేనుకు వచ్చి చూసుకోవచ్చు. విత్తనం ఉచితంగా ఇచ్చి, గట్టున బోర్డు కూడా పాతారు. మూడెకరాలూ వెతికినా ఒక్క పురుగు కనబడదు. పత్తి కూడా కనబడదు.

ఎందుకంటే కాయ పగలదు. దసరా పోయింది, దీపావళి పోయింది, కాయ నోరు తెరవలేదు. పక్క చేలలో రెండో ఏరుడు కూడా అయిపోయింది. ఐలవ్వ రోజూ ఒడి కట్టుకుని పోవడం, ఖాళీ ఒడితో రావడం. చివరికి రోకలి పట్టుకుపోయి ఒక్కటేసింది. కాయకేమీ కాలేదు, రోకలి పొన్ను ఊడింది. ఒక కోతి ఆ కాయను కొరికి, అప్పటినుంచి మెత్తటి అరటిపండు తప్ప ముట్టడం లేదు. నేను కళ్లారా చూశాను.

పత్తి కొనే సర్దార్ ఒక కాయను చెవి దగ్గర ఊపి చూశాడు. "ఐలక్కా, గిది నా తాన తేకు. మిషిన్ పండ్లు రాల్తయ్. గోడ కట్టుకో, ఇటుకలన్న మిగుల్తయ్."

"నవ్వు బిడ్డా, నవ్వు. నీదేం పోయింది? నా ఏడాది తిండి గా కాయలల్ల ఇరుక్కున్నది."

సంగతి తెలిసి శాస్త్రవేత్త వంశీధర్‌రావుగారు ఒక్కరే మూడు జీపుల్లో వచ్చారు. షామియానా కింద నిలబడి, "పురుగు ఓడింది, విజ్ఞానం గెలిచింది" అని ముప్పావు గంట ఉపన్యసించారు.

"మరి పత్తి బయటికి ఎట్ల ఎల్లాలె సారూ?" అంది ఐలవ్వ.

ఆయన ఫైలు తెప్పించారు. పన్నెండేళ్ల కిందటి రైతు అవసరాల సర్వేలో ఆమె వేలిముద్ర భద్రంగా ఉంది. "చూడమ్మా. కాయలోకి పురుగు పోవద్దని రాయించావు. పత్తి బయటికి రావాలని రాయించావా?"

ఐలవ్వ తల వంచుకుంది. నిజమే, రాయించలేదు.

దయగల ప్రభుత్వం కనుక అక్కడికక్కడే కొత్త ఫారం ఇచ్చారు. ఈసారి రెండూ రాయమంది ఐలవ్వ. ఫారంలో ఉన్నది ఒకటే గడి. "ఒక అవసరానికి పన్నెండేళ్లు, రెండైతే ఇరవై నాలుగు. ఆలోచించుకోమ్మా" అన్నారు సారు.

"అయితే మా పురుగునే మాకియ్యున్రి సారూ. అది సగం తిన్నా సగం ఇడిసిపెడ్తుండె."

మేమంతా చప్పట్లు కొట్టాం. ఆ చప్పట్ల ఫొటోయే మర్నాడు పేపర్లో పడింది: "కొత్త పత్తి విత్తనానికి రైతుల హర్షధ్వానాలు". మీరు చదివే ఉంటారు. ఈ రైతులకు ప్రభుత్వం ఎంత చేస్తోందోనని చాయ్ తాగుతూ అనే ఉంటారు.