కారుకు పట్టని గన్నుకు జేజేలు

చార్జింగ్ స్టేషన్ పెట్టేది కార్లకు చార్జింగ్ ఎక్కించడానికేనని ఇంకా నమ్ముతున్న అమాయకులు మన కృష్ణా జిల్లాలో ఉన్నారంటే నవ్వాలో ఏడవాలో తెలియడం లేదు! కొత్త స్టేషన్‌లో వైరు చివరుండే చార్జింగ్ గన్ను పాత ఎలక్ట్రిక్ కారుకు పట్టడం లేదని, అదొక పెద్ద లోపమని వాళ్ల గోల. లోపమా? అది వరమండీ, వరం!

కాస్త ఆలోచించండి. గన్ను పట్టిందే అనుకోండి, ఏమవుతుంది? అరగంటలో చార్జింగ్ ఎక్కుతుంది, మనిషి తన దారిన తాను పోతాడు. పక్క ఊరి పేరేమిటో తెలుసుకోడు, ఎవరినీ పలకరించడు. అదే పట్టకపోతే చూడండి మజా! ముదినేపల్లి దగ్గర ఒక పెద్దమనిషి కారు ఇలాగే ఆగిపోతే, చేపల చెరువు మోటారు షెడ్డులో ప్లగ్గు అడుక్కుని, చార్జింగ్ ఎక్కేలోగా గట్టు మీద కూర్చుని చెరువు యజమాని మోకాళ్ల నొప్పుల దాకా సమస్తం విన్నాడు. లేచేసరికి ఇద్దరూ వియ్యంకులయ్యారు! ఏ పెట్రోలు బంకులోనైనా ఇంతవరకు ఒక్క సంబంధం కుదిరిందా?

ఇక ఆరోగ్యం సంగతి. గుడివాడలో ఒకాయన తన కారును స్టేషన్ నుంచి ఇంటిదాకా తోసుకుంటూ వెళ్లాడు. పొట్ట తగ్గింది, షుగర్ దిగింది, వీధిలో పరపతి పెరిగింది. జిమ్ములో డబ్బు కట్టి మరీ బరువులు ఎత్తేవాళ్లకు ఈ భాగ్యం ఎక్కడిది?

అయితే ఈ వరాన్ని నిండుగా, దోసిళ్లతో అందుకున్న మహానుభావుడు మాత్రం బందరు వాస్తవ్యుడు సాల్మన్ రాజు గారే. హైస్కూల్లో సైన్సు చెప్పి రిటైరయ్యాడు. గాలి పాడైపోతోంది, ఎలక్ట్రిక్ కార్లు కొనండి, దేశాన్ని కాపాడండి అని పెద్దవాళ్లు చెప్పిన తొలి రోజుల్లోనే నిజమని నమ్మి కొన్నాడు. చుట్టాలు బ్యాటరీ బొమ్మ అని వెక్కిరించినా లెక్కచేయలేదు. పాస్టరుగారు బానెట్ మీద చెయ్యి వేసి ప్రార్థన చేశారు, వెనక అద్దం మీద కీర్తనల వాక్యం అంటించారు. అంత బందోబస్తుగా రోడ్డెక్కిన కారది.

ఆయనకు హంసలదీవిలో ఒక అక్క ఉంది, సంతోషమ్మ. రెండు కళ్లకూ శుక్లాలు ముదిరిపోయాయి. పెద్దక్షరాల బైబిలు కూడా కనపడక, పక్కింటి కోడలి చేత చదివించుకుంటోంది. ఆ కోడలు వంశావళి వచ్చిన చోటల్లా పేజీ తిప్పేస్తుంది. కళ్లు కనపడకపోయినా సంతోషమ్మకు ఆ మోసం తెలుస్తూనే ఉంటుంది. తన బైబిలు తాను చదువుకుంటే చాలునని ఆవిడ కోరిక.

మరి ఆపరేషన్ చేయించుకోవచ్చుగా అంటారా? ఆవిడకు కత్తి అంటే భయం, మిషన్లంటే అంతకంటే భయం. పైగా డీజిలు వాసన తగిలితే చాలు, కడుపులో పేగులు నోట్లోకి వస్తాయి. బస్సెక్కదు, ఆటో ఎక్కదు. సాల్మన్ రాజు ఏళ్ల తరబడి బతిమాలి, బామాలి, చివరికి, "అక్కా, నా కార్లో పొగా లేదు, వాసనా లేదు. మెత్తగా తీసుకెళ్లి మెత్తగా తీసుకొస్తా. నామీద నమ్మకం లేదా?" అని ఒప్పించాడు. గుడివాడ కంటి ఆసుపత్రిలో ఉదయం పూటకు టైము కూడా తీసుకున్నాడు.

ఇక్కడే భార్య సువర్ణ నోరు జారింది. "ముందురోజే వదినగారిని బందరు తీసుకొచ్చేద్దామండీ. రాత్రి మన ఇంట్లో చార్జింగ్ పెట్టుకుని పొద్దున్నే బయల్దేరొచ్చు" అంది. పాపం, ఆడమనిషికి ఇంత తెలివి ఎందుకు? సాల్మన్ రాజు ఆమెను జాలిగా చూశాడు. "పెడనలో అంత పెద్ద స్టేషన్ పెట్టుకుని ఇంట్లో ప్లగ్గు దగ్గర పడిగాపులేంటి?" అన్నాడు. హంసలదీవి నుంచి పెడన దాకా కారు ఎలాగూ వస్తుంది, అక్కడ అరగంట ఆగితే గుడివాడ చేరతాం, అంతే లెక్క!

ఆయనకంత ధైర్యం ఊరికే రాలేదు. ఆ స్టేషన్ ప్రారంభోత్సవంలో ఆయన స్వయంగా ఉన్నాడు. ఫొటోకు ఒక ఎలక్ట్రిక్ కారు కావాలని నాయకుడిగారి మనుషులు వెతికితే దొరికింది ఆయన కారే. పూజారిగారు కొబ్బరికాయ కొట్టారు, పాస్టరుగారు ప్రార్థించారు, నాయకుడుగారు రిబ్బను కత్తిరించి, గన్ను అందుకుని కారు పక్కన పట్టుకుని నిలబడ్డారు. అందరూ చప్పట్లు కొట్టారు, బూందీ పొట్లాలు తీసుకున్నారు. ఆ ఫొటోనే ఇంత ఫ్లెక్సీగా వేసి స్టేషన్ నెత్తిన కట్టారు. గన్నును కారులో పెట్టి చూద్దామని మాత్రం ఎవరికీ తోచలేదు. దేవుళ్లందరినీ పిలిచాక మళ్లీ పరీక్ష ఏమిటండీ, అపచారం కాదూ! సైన్సు మాస్టారికి కూడా తోచలేదు. ఆయన అప్పుడు ఫొటోలో పడడానికి మెడ చాచే పనిలో ఉన్నాడు.

అనుకున్న రోజు రానే వచ్చింది. సంతోషమ్మ ఉతికిన తెల్లచీర కట్టుకుని, దారి పొడవునా పెదాలు కదుపుతూ ప్రార్థన చేసుకుంటూ పెడన దాకా వచ్చింది. సాల్మన్ రాజు కారును సరిగ్గా తన ఫ్లెక్సీ కింద ఆపి, దర్జాగా దిగి, గన్ను తీశాడు. కారు నోరు గుండ్రంగా ఉంది. గన్ను మూతికి కిందవైపు ఇంకో రెండు లావుపాటి పిన్నులు ఉన్నాయి. తిప్పి పెట్టాడు, నొక్కి పెట్టాడు, చివరికి పళ్లు బిగించి మోకాలు ఆనించి తోశాడు. అది అడ్డం తిరిగిన అల్లుడిలా బిగుసుకుపోయింది.

ప్లాస్టిక్ కుర్చీలో ఫోను చూసుకుంటున్న స్టేషన్ ఇన్‌చార్జి తాతారావు తలెత్తాడు. "పట్టదండీ. మీది పాత మోడలు కదా."

"అదేంటయ్యా, ఆ ఫ్లెక్సీ మీదున్నది నా కారే!"

తాతారావు ఫ్లెక్సీని, కారును మార్చి మార్చి చూశాడు. "అవునండోయ్! ఫొటోకైతే పనికొస్తుందండీ. చార్జింగుకి మాత్రం కొత్త కారు కొనుక్కోవాలి మీరు."

ఎంత గొప్ప మాట! కారుకు తగిన స్టేషన్ కట్టడం పాతకాలపు పద్ధతి. స్టేషన్‌కు తగిన కారు కొనుక్కోవడం ప్రగతి. రేపు ఆసుపత్రి మంచానికి సరిపడా పొడవున్న రోగులనే రమ్మంటారు, బడి బెంచీకి సరిపడా పిల్లల్నే కనమంటారు. జనం సర్దుకోవాలి కానీ పథకాలు సర్దుకుంటాయా?

పొగలేని కరెంటు రైలు గుడివాడ ప్యాసింజరు అప్పుడే వెళ్లిపోయింది. సాల్మన్ రాజు పరుగున వెళ్లి, కలంకారీ అద్దకాల షెడ్డు నడిపే తన పాత శిష్యుడు యేసుదాసును పట్టుకున్నాడు. అతను పాపం ఫ్యాను తీసేసి ప్లగ్గు ఖాళీ చేశాడు. "కారుని ఇక్కడిదాకా తోసుకొద్దాం మాస్టారూ. కాకపోతే మామూలు కరెంటు కదండీ, ఎక్కేసరికి సాయంత్రమవుద్ది" అన్నాడు. ఆసుపత్రిలో డాక్టరుగారు ఉండేది మధ్యాహ్నం దాకానే. సాల్మన్ రాజు చెమటలు కక్కుతూ తిరిగొచ్చి, ఎవరో ఒకరి కారు మాట్లాడతాను, వాసన రాకుండా కిటికీలు తెరుచుకుని వెళ్దాం అక్కా అన్నాడు.

సంతోషమ్మ కార్లోంచి దిగలేదు. తమ్ముడికీ ఆ ఇన్‌చార్జికీ జరిగిన మాటలన్నీ వింటూనే ఉంది.

"వద్దులేరా సాల్మనూ. నన్ను ఇంటికి తీసుకుపో."

"అదేంటక్కా, ఇంత దూరం వచ్చి! ఇంకెంత, గుడివాడ ఇక్కడే కదా!"

"కారుకే పాతదని కరెంటు పట్టనియ్యలేదు. నా కళ్లు దానికంటే ఎంత పాతవి! అక్కడ మిషన్ల దగ్గరికి వెళ్లాక ఇవి పాత మోడలు కళ్లమ్మా, మా మిషనుకి పట్టవు అంటే, అప్పుడు నువ్వేం చేస్తావురా? కోసేసింతర్వాత అంటే?"

సాల్మన్ రాజు సైన్సంతా ఒక్కసారిగా ఒలకబోశాడు. కంటికీ కారుకూ సంబంధం లేదన్నాడు, లెన్స్ గురించి చెప్పాడు, దండం పెట్టాడు, చివరికి కళ్లనీళ్లు పెట్టుకున్నాడు. ఆవిడ అన్నీ విని చీర కొంగుతో అతని మొహం తుడిచింది కానీ, మాట మార్చుకోలేదు. ఇంతకుముందు ఆవిడకున్నది ఒట్టి భయం. దాన్ని బుజ్జగించవచ్చు. ఇప్పుడు ఆవిడ దగ్గర రుజువుంది, పెడన నడిబొడ్డున కోట్లు పోసి కట్టిన రుజువు.

కాబట్టి పాఠకులారా, గన్ను పట్టకపోవడాన్ని తిట్టకండి. మొదట నమ్మినవాళ్లను రోడ్డు మీద దించేయడమెలాగో మనకు ముందే తెలుసు. వాళ్ల మాట మీద నమ్మకం పెట్టుకున్న మరో మనిషిని కూడా అదే దెబ్బకు దించేయడం ఈ స్టేషన్ నేర్పిన కొత్త విద్య. కారును యేసుదాసు షెడ్డుదాకా తోసుకెళ్లి, సాయంత్రం చార్జింగ్ ఎక్కాక సాల్మన్ రాజు అక్కను హంసలదీవిలో దింపి వచ్చాడు. ఇప్పుడు ఫోను చేసి ఆపరేషన్ మాటెత్తితే ఆవిడ కోప్పడదు, వాదించదు. "ముందు నీ కారు సంగతి చూసుకోరా నాయనా" అని ఫోను పెట్టేస్తుంది.