నలభై దాటని ఇంజను

తాడేపల్లి కోదండపాణి మాస్టారు కొన్న కారు ఇంజనుకు, కొత్త ఇంజన్లన్నిటికీ వచ్చినట్టే, మూడో రోజుకల్లా మాటలొచ్చాయి. మొదటి మాటే "మారేడుమిల్లి ఘాట్ ఎక్కాలనుంది" అని. రాజమండ్రిలో ఇది మామూలే. ఇలాంటి కోరికలు నమోదు చేసుకోవడానికి షోరూం వాళ్లు ఒక కౌంటరే తెరిచారు.

కౌంటరు అమ్మాయి చెప్పాల్సింది చెప్పింది. మొదటి వెయ్యి కిలోమీటర్లూ మరీ తొక్కేయకూడదు, అలాగని ఒకే వేగంతో ఈడ్వనూ కూడదు. కాస్త నెమ్మదిగా, కాస్త చురుగ్గా మార్చి మార్చి నడిపితేనే లోపలి భాగాలు కుదురుకుంటాయి. మాస్టారు హైస్కూల్లో ముప్ఫై ఏళ్లు క్రమశిక్షణ నేర్పిన మనిషి. ఇందులో ఆయన చెవికెక్కింది "తొక్కేయకూడదు" ఒక్కటే. మొక్కై వంగనిది మానై వంగుతుందా అని ఆ అమ్మాయికే పాఠం చెప్పి వచ్చారు.

నిమ్మకాయలు తొక్కించిన రోజు నుంచి కారుకు నలభై దాటడం నిషేధం. గోదావరి గట్టు మీద డొక్కు మోపెడ్లు కూడా దాటిపోతుంటే ఇంజను మూలిగేది.

"ఒక్కసారి అరవై చూపించండి మాస్టారూ."

"ముందు వెయ్యి పూర్తి కానీ. ఆ తర్వాత నీ ఇష్టం."

"అప్పటికి ఇష్టం మిగులుతుందంటారా?"

"ఎదురు చెప్పకు."

"పాపం, అడిగింది కొండేగా, బంగారం కాదుగా" అన్నారు ఆయన భార్య విశాలాక్షి. ముద్దు చేస్తే చెడిపోతుందన్నారాయన. కొన్నాళ్లకు ఇంజను అడగడం మానేసింది. ఆవిడకు ప్రాణం ఉసూరుమంది.

వెయ్యి పూర్తయిన ఆదివారం, ఇచ్చిన మాట ప్రకారం, భార్యను కూడా ఎక్కించుకుని మారేడుమిల్లి తీసుకెళ్లారు. ఘాట్ మొదట్లోనే ఇంజను నీలిపొగ వదిలి ఆగిపోయింది.

"వద్దు మాస్టారూ, ఎత్తు చూస్తే భయమేస్తోంది. ఇంటికి పోదాం" అంది.

మాస్టారికి ఆనందంతో కళ్లు చెమర్చాయి. "చూశావటే, ఎంత బుద్ధిగా తయారైందో!"

కబురు వీధంతా పాకింది. ఆ సాయంత్రమే ఎదురింటి పేర్రాజు కూతుర్ని వెంటబెట్టుకొచ్చాడు. ఇంటర్ పాసైన పిల్ల, పైలట్టునవుతానంటోందట.

"మీ హస్తవాసి మంచిది మాస్టారూ. దీన్ని కూడా కాస్త..."

"ఇప్పుడు ఎంత మీదుంది?"

"ఎనభై అండి" అన్నాడు పేర్రాజు తల వంచుకుని.

"పర్లేదు, వదిలి వెళ్లు."

విశాలాక్షి ఆ పిల్లను లోపలికి తీసుకెళ్లి కూర్చోబెట్టి, మంచినీళ్లిచ్చి, తల నిమిరారు.

"కొన్నాళ్లు కష్టంగా ఉంటుందమ్మా. తర్వాత ఏమీ అనిపించదు. నాకూ పెళ్లయిన కొత్తలో అలాగే ఉండేది."