తప్పంతా ప్లాస్టిక్‌దే!

ప్లాస్టిక్‌ను తిట్టేవాళ్ళంటే నాకు ఒళ్ళు మంట. మగజాతి పరువు ఇంకా నిలబడి ఉందంటే అది ప్లాస్టిక్ చలవేనని ఏ వేదికెక్కి అయినా చెబుతాను. మైకు ఇవ్వకపోయినా చెబుతాను!

కంగారు పడకండి, నేను కూరగాయల సంచుల గురించి మాట్లాడటం లేదు. డిస్క్ గోల్ఫ్ డ్రైవర్ల ప్లాస్టిక్ గురించి మాట్లాడుతున్నాను. ఈ డ్రైవర్ కారు నడపడు, హారన్ కొట్టడు, సెలవు అడగడు. పదునైన అంచున్న పళ్ళెం లాంటి బిళ్ళ, అంతే.

ఆట తెలియనివారి కోసం రెండు ముక్కలు. పార్కులో దూరంగా ఒక స్తంభం, దానికి గొలుసులు వేలాడే ఇనప బుట్ట ఉంటాయి. వీలైనన్ని తక్కువ విసుర్లలో బిళ్ళను ఆ బుట్టలో పడెయ్యాలి. మొదట దూరం పోవడానికి విసిరేదే డ్రైవర్. చిన్నపిల్లలు కూడా ఆడగలరు. కాకపోతే గురి తప్పితే చిన్నపిల్లలు నవ్వుతారు, పెద్దవాళ్ళు ప్లాస్టిక్ గురించి మాట్లాడతారు.

మాట్లాడరూ మరి? ఒకే అచ్చులో పోసిన డ్రైవర్ కూడా ప్లాస్టిక్ మారితే ఎగిరే తీరు మార్చుకుంటుంది. ప్రీమియం ప్లాస్టిక్ గట్టిది. చెట్టుకు కొట్టినా చెక్కుచెదరదు. కానీ మహా మొండిది. జోరుగా విసిరితేనే మాట వింటుంది. కుడిచేతి వాటం మనిషి విసురులో జోరు తగ్గిందా, అలిగి ఎడమకు తిరిగి తొందరగా నేలకు దిగిపోతుంది. బేస్ ప్లాస్టిక్ మెత్తనిది. చేతికి మంచి పట్టు ఇస్తుంది. పదిసార్లు చెట్లకు తగిలేసరికి అంచు నలిగి, పొగరు అణిగి, కుడివైపు ఒరగడం నేర్చుకుంటుంది.

దీని అందం గమనించారా? ఎడమకు పోతే ప్లాస్టిక్ మరీ గట్టిది. కుడికి పోతే మరీ మెత్తనిది. జారితే మరీ నున్ననిది. చలికాలం బిగుసుకుంది, ఎండాకాలం వదులైంది. మరి విసిరినవాడి తప్పు ఎక్కడుంది? వెతకండి! టార్చిలైటు వేసి వెతకండి! ఇంతటి సౌకర్యం ఇంకే ఆటలో ఉంది?

మా అన్నయ్యనే తీసుకోండి. సొంత అన్నయ్య కాదు, తోడల్లుడు. మా ఆవిడ అక్కగారి భర్త. లిఫ్టులు తనిఖీ చేసే ఉద్యోగం. ఊళ్ళో ఏ లిఫ్టు ఎక్కినా లోపల అద్దం పక్కన ఆయన సంతకం కనిపిస్తుంది. తాడు, బ్రేకు, మోటారు అన్నీ చూసి ఆయన సరేనంటే తప్ప ఏదీ పైకి లేవడానికి వీల్లేదు. మేమిద్దరం ఆదివారం పొద్దున్నే పార్కులో కలుస్తాం. ఆయన ప్రీమియం డ్రైవర్ విసిరితే చూడాలి! ముందు కాస్త కుడికి ఒరిగి, చాలాసేపు తిన్నగా పోయి, చివర్లో ఎడమకు తిరిగి బుట్ట ముందు సాష్టాంగపడేది.

ఈ ఏడు మొదట్లో ఆ డ్రైవర్ సగం దారిలోనే ఎడమకు తిరిగి పొదల్లో దూరడం మొదలెట్టింది.

అన్నయ్య దాన్ని తెచ్చి, తుడిచి, వెలుతురుకు ఎత్తి చూశాడు. "ఈ లాటు సరుకు బాగా లేదు తమ్ముడూ. మరీ గట్టిగా పోశారు."

"నాకూ అలాగే అనిపించిందన్నయ్యా," అన్నాను. నాకేమీ అనిపించలేదు. కానీ అనిపించలేదని చెప్పే మనిషితో ఎవరైనా ఆదివారాలు ఆడతారా?

ఆయన ప్రీమియం పక్కన పెట్టి బేస్ ప్లాస్టిక్‌కు దిగాడు. కొన్నాళ్ళు బాగానే పోయింది. తర్వాత అదీ ఎడమకే. అప్పుడు నలిగిన బేస్ ప్లాస్టిక్ తీశాడు. తర్వాత పూర్తిగా గీతలుపడి, కుక్క నమిలినట్టున్న ఇంకో పాత డ్రైవర్. చివరికి కొత్తగా నేర్చుకునేవాళ్ళకు ఇచ్చే తేలికపాటి రకం. ఒక్కో మెట్టు దిగినప్పుడల్లా ఆయన ఒక కారణం చెప్పేవాడు, నేను దానికి రుజువులు చూపించేవాణ్ణి. గాలిలో తేమ అన్నాను. పార్కు పల్లం అన్నాను. సోమవారం పోసిన ప్లాస్టిక్‌లో కార్మికుల చిరాకు కలుస్తుందని కూడా అన్నాను. ఆయన ఆలోచించి, "కాదనలేం," అన్నాడు.

ఇంత చక్కగా సాగిపోతున్న మా శాస్త్రీయ పరిశోధనకు ఇంట్లో ఆడవాళ్ళు అడ్డుపడ్డారు.

అన్నయ్య కూతురు రెండేళ్ళ పాపను తీసుకుని పుట్టింటికి వచ్చింది. ఆ పాపకు ఎవరు కనబడినా చేతులు చాచడం అలవాటు. తాతయ్య కనబడగానే రెండు చేతులూ చాచింది. తాతయ్య తల తిప్పుకుని, "నాకు పనుంది," అని లోపలికి వెళ్ళిపోయాడు. మర్నాడూ అంతే. ఆ మర్నాడూ అంతే. పాప ఏడ్చింది. పాపను చూసి వాళ్ళమ్మ ఏడ్చింది. "మేం మా ఇష్టానికి పెళ్ళి చేసుకున్నామని నాన్నకి ఇంకా కోపం పోలేదు. నా మీద చూపించలేక పిల్ల మీద చూపిస్తున్నాడు. ఇంక ఈ గుమ్మం తొక్కను," అంది. వదిన ఈ సంగతంతా మా ఆవిడకు ఫోనులో చెప్పి తనూ ఏడ్చింది.

"రేపు ఆదివారం ఎలాగూ వెళ్తారుగా," అంది మా ఆవిడ. "బావని అడగండి, సూటిగా. ప్లాస్టిక్ మాటెత్తారో, నేను ఊరుకోను."

వెళ్ళాను. సూటిగా అడుగుదామని మొదటి బుట్ట దగ్గరే గొంతు సవరించుకున్నాను.

"అన్నయ్యా..."

"ఊఁ?"

"ఇంట్లో అంతా..."

"అంతా బాగానే ఉన్నారు. ఇది చూశావా, దీని అంచు ఎలా నలిగిందో?"

చూశాను. పాఠకులారా, మీరే చెప్పండి, ఒక మనిషి అంచు చూపిస్తుంటే చూడకుండా కుటుంబ విషయాలు మాట్లాడటం మర్యాదేనా? ఆట అయ్యేదాకా అంచు గురించే మాట్లాడుకున్నాం. ఎంతో విషయం ఉంది దానిలో!

ఇంటికొచ్చేసరికి మా ఆవిడ గుమ్మంలోనే నిలబడి ఉంది.

"ఏమన్నాడు బావ?"

"బేస్ ప్లాస్టిక్ కూడా ఈ మధ్య కొన్ని బిగువుగా వస్తున్నాయట."

"ఇంకేమీ అడగలేదా?"

"అంచు గురించి అడిగాను."

మా ఆవిడ నావైపు కాసేపు చూసింది. అరవలేదు. అరిచి ఉంటే బాగుండేది. "అక్కడ అక్క కూతురు పెట్టె సర్దుకుంటోంది. మీరు అంచు గురించి అడిగారు," అని లోపలికి వెళ్ళి, నా డిస్కుల సంచీ తెచ్చి నా చేతిలో పెట్టి, "మళ్ళీ వెళ్ళండి," అని తలుపేసింది.

మధ్యాహ్నం పార్కులో మేమిద్దరమే ఉన్నాం. అన్నయ్యను రప్పించడానికి గాలి మంచి వాటంగా ఉందని ఫోనులో అబద్ధమాడాను. ఆయన సంచీ ఎడమ భుజానికి తగిలించుకుని వచ్చాడు. నాకు తెలిసి ఆయన సంచీ ఎప్పుడూ కుడి భుజానిదే. బెంచీ మీద కూర్చుని కోటు విప్పాడు. ముందు ఎడమ చెయ్యి బయటికి తీశాడు. తర్వాత ఆ చేత్తోనే కుడి చేతిని పట్టుకుని, ఎవరిదో అద్దాల పెట్టెను దించుతున్నట్టు మెల్లగా బయటికి లాగాడు.

ఆ తేలికపాటి డ్రైవర్ తీసి విసిరాడు. చెయ్యి వెనక్కి సగమే వెళ్ళింది. డిస్క్ కాస్త ముందుకు పోయి, ఎడమకు తిరిగి, పక్క బెంచీ దగ్గర పడింది.

"ఈ ప్లాస్టిక్..." అని ఆగిపోయాడు.

ఏమంటాడు? సంచీలో అంతకన్నా మెత్తనిది లేదు, అంతకన్నా నలిగింది లేదు, అంతకన్నా తేలికైంది లేదు. నేనూ ఏ రుజువూ చూపించలేకపోయాను.

సూటిగా అడగమంది కదా మా ఆవిడ? నా వల్ల కాలేదు. ఇన్నేళ్ళుగా ప్లాస్టిక్ తప్ప మరో మాట మాట్లాడుకోని ఇద్దరు మగవాళ్ళం. ఒక్కసారిగా భాష మారిస్తే ఎలా వస్తుంది?

"అన్నయ్యా, ఈ ప్లాస్టిక్ విసిరేటప్పుడు ఎక్కడ పట్టేస్తోంది?" అన్నాను.

ఆయన నా మొహం చూశాడు. తర్వాత ఎడమ చేతిని మెల్లగా కుడి భుజం మీద పెట్టుకున్నాడు. "ఇక్కడ. పైకి ఎత్తబోతే."

"మరి పడుకున్నప్పుడు ఎలా ఉంటోంది ఈ ప్లాస్టిక్?"

"ఇటు పక్కకి తిరగనివ్వట్లేదు."

"చొక్కా వేసుకోనిస్తోందా?"

"బతిమాలితే."

"పాపని... ఎత్తుకోనిస్తుందా?"

అన్నయ్య బెంచీ మీద కూర్చున్నాడు. ఇంక ప్లాస్టిక్ ఊసెత్తలేదు.

"వచ్చిన రోజే ఎత్తబోయాను తమ్ముడూ. వంటగదిలో, అందరూ అటు తిరిగి ఉన్నప్పుడు. సగం దాకా లేపాను, చెయ్యి వదిలేసింది. పక్కన బల్ల ఉంది కాబట్టి సరిపోయింది. దాని మీద కూర్చోబెట్టేశాను. పిల్ల నవ్వింది, అదో ఆటనుకుంది. బల్ల లేకపోతే?" అన్నాడు. భుజం తడుముకుంటూ, "బరువు మొయ్యలేని లిఫ్టుకి నేను సంతకం పెట్టను తమ్ముడూ. మనుషుల్ని ఎక్కనివ్వను," అన్నాడు.

"ఆ మాట ఇంట్లో చెప్పొచ్చుగా?"

"ఏమని చెప్పను? నా మనవరాల్ని ఎత్తుకునే ఓపిక నాకు లేదనా?"

నేను ఆయన కోటు తీసుకుని, ముందు కుడి చేతికి తొడిగి, తర్వాత ఎడమ చేతికి తొడిగాను. ఆయన కాదనలేదు.

మేం అన్నయ్య ఇంటికి వెళ్ళేసరికి ముందుగదిలో పెట్టె సిద్ధంగా ఉంది. అమ్మాయి పాపకు బూట్లు తొడుగుతోంది. మమ్మల్ని చూసి తల కూడా ఎత్తలేదు. అన్నయ్య ఆమె ఎదురుగా నిలబడ్డాడు.

"అమ్మా, ఈ మధ్య వస్తున్న ప్లాస్టిక్..."

నేను ఆయన కాలు తొక్కాను.

"నా భుజం పని చెయ్యట్లేదమ్మా," అన్నాడు. "పిల్లని పడేస్తానేమోనని భయం. అందుకే."

బూటు అమ్మాయి చేతిలోనే ఉండిపోయింది. "కోపం కాదా?"

"కోపం దేనికి?"

"ఒక్క మాట చెప్పొచ్చుగా నాన్నా! నేనిక్కడ ఏమేమి అనుకున్నానో తెలుసా?" అంటూ ఆమె లేచి, ఆయన ఎడమ చెయ్యి పట్టుకుని సోఫాలో కూర్చోబెట్టి, ఒక బూటుతోనే ఉన్న పాపను ఆయన ఒళ్ళో వేసింది. "కూర్చుంటే ఎత్తక్కర్లేదుగా!"

ఇంత తేలికైన ఉపాయం మా ఇద్దరిలో ఒక్కరికీ తట్టలేదు. వదిన వంటగది గుమ్మంలో నిలబడి కొంగుతో కళ్ళు తుడుచుకుంటూ, "ఏడాది పొడుగునా పక్కనే ఉన్నావుగా, నీకు తెలియలేదా?" అని నన్ను అడిగింది.

"ప్లాస్టిక్ అనుకున్నాను వదినా," అన్నాను. ఆవిడ నమ్మలేదు.

డాక్టరు చూసి భుజం కీలు బిగుసుకుపోయిందన్నాడు. రోజూ కసరత్తు చెయ్యాలి, నెలలు పడుతుంది, కానీ వస్తుంది అన్నాడు. "చలికి ప్లాస్టిక్ బిగుసుకున్నట్టన్న మాట," అన్నాడు అన్నయ్య. "దాదాపు అంతే," అన్నాడు ఆ డాక్టరు. మంచి డాక్టరు! అమ్మాయి పెట్టె విప్పేసింది. పాప సోఫా ఎక్కి తాతయ్య ఒళ్ళోకి తనే పాక్కుంటూ వెళ్తోంది.

అందరికీ సుఖాంతమే. మరి నా సంగతి?

అన్నయ్య ఇప్పుడూ ఆదివారం పార్కుకు వస్తున్నాడు. విసరకూడదు కాబట్టి చూస్తాడు. చూసి ఊరుకుంటాడా? ఒక్కసారి నిజం చెప్పి హాయిగా ఉన్న మనిషి ఎంత ప్రమాదకరమో మీకు తెలియదు! నేను ప్లాస్టిక్ మరీ నున్నగా ఉందంటే, "ప్లాస్టిక్ కాదు తమ్ముడూ, నీ నడుం తిరగట్లేదు," అంటాడు. మాతో ఆడే పళ్ళ డాక్టరు ఏదో లాటు గురించి మొదలెడితే, "లాటు కాదండీ, మీ పొట్ట అడ్డొస్తోంది," అన్నాడు. పళ్ళ డాక్టరు వేరే పార్కు చూసుకున్నాడు.

పోయిన వారం నా డ్రైవర్ గడ్డిలో పడింది. ఎంత వెతికినా కనిపించలేదు.

"ఈ ప్రీమియం ప్లాస్టిక్‌తో ఇదే బాధ అన్నయ్యా. గాజులా పోస్తారు, గడ్డిలో కలిసిపోతుంది," అన్నాను.

ఆయన నా దగ్గరికి వచ్చి నిలబడ్డాడు. "అది నారింజ రంగుది తమ్ముడూ. నీ బూటు పక్కనే ఉంది."

వంగి చూశాను. ఉంది.

"కళ్ళు ఎన్నాళ్ళుగా ఇలా ఉన్నాయి?"

పాఠకులారా, ఇదేనా కృతజ్ఞత? నేను ఆయన్ని ఎంత మర్యాదగా అడిగాను! ప్లాస్టిక్ చాటు పెట్టి, మెల్లగా, నొప్పి తెలియకుండా! ఆయనేమో నడి పార్కులో, నలుగురి ముందు, సూటిగా అడిగేశాడు! అక్కడితో ఆగాడా, నా ఎదురుగానే మా ఆవిడకు ఫోను చేశాడు. ఆవిడ కళ్ళ డాక్టరు దగ్గర టైము కూడా తీసుకుంది. నాకేమీ లేదని చెబుతూనే ఉన్నాను. వినేవాళ్ళేరీ?

అందుకే నా మనవి. మనిషి దగ్గర ఏమైనా లాక్కోండి, ప్లాస్టిక్‌ను మాత్రం లాక్కోకండి. పాపం, అది ఎవరి తప్పునైనా నోరెత్తకుండా మోస్తుంది.

ఇందులో అచ్చుతప్పులేవైనా కనిపిస్తే మన్నించాలి. ఈ కంప్యూటర్ తెర ప్లాస్టిక్ ఏమంత బాగా లేదు.