చంద్రుడి గుంటలకు పదోన్నతి

చంద్రమండలంలోని గుంటలన్నీ గత శుక్రవారం నుంచి కొండలుగా పరిగణింపబడుతున్నాయని ప్రజలకు తెలియజేయుటకు మిక్కిలి సంతోషిస్తున్నాము.

మా నగర చిత్రశాలకు కొన్ని పాత ఫోటోలు విరాళంగా వచ్చాయి. చంద్రుడి మీద మనిషి కాలు పెట్టకముందు, ఒక వ్యోమనౌక దాని చుట్టూ తిరుగుతూ తీసి పంపిన నలుపు తెలుపు చిత్రాలవి. ముక్కలుగా అందిన బొమ్మను అతికించినందువల్ల వాటి నిండా సన్నని చారలు. గీతల కాగితం మీద ఎందుకు అచ్చువేశారని నగర కమిటీ అధ్యక్షులవారు లోతుగా విచారించారు.

చిత్రశాల సంరక్షకురాలు ఏళ్ళ తరబడి తాత్కాలిక ఉద్యోగంలో శాశ్వతంగా ఉంది. ప్రారంభోత్సవం సజావుగా జరిగితే ఆ సాయంత్రమే ఉద్యోగం ఖాయం చేస్తామని కమిటీ మాటిచ్చింది. పాపం, ఆమె నీడ చూసి, వెలుగు చూసి, ప్రతి ఫోటోనూ సరైన దిక్కున వేలాడదీసింది. తప్పంతా అక్కడే జరిగింది.

"ఏమిటమ్మా ఇవి?" అన్నారు అధ్యక్షులు, అన్నిటికంటే పెద్ద ఫోటో ముందు ఆగి.

"గుంటలండీ. ఉల్కలు తగిలి పడ్డవి."

"ఊరంతా గుంటలేనని పేపర్లవాళ్ళు రోజూ ఏడుస్తున్నారు. లోపలికొస్తే ఇక్కడా గుంటలేనా? నా చేత్తో గుంటల్ని ప్రారంభించమంటావా?"

చిత్రశాల హెడ్ గుమాస్తా సంరక్షకురాలికి స్వయానా అక్క మొగుడు. ఆయన ముందుకొచ్చి ఫోటోను తలకిందులు చేశారు. నీడ ఇటునుంచి అటు మారింది, కన్ను మోసపోయింది, ప్రతి గుంటా పొంగి కొండై నిలిచింది. ఉల్కలు కోట్ల ఏళ్ళుగా చెడగొట్టిన నేలను ఒక గుమాస్తా రెండు చేతులతో బాగుచేశారు!

"తలకిందులైందండీ," అందామె.

"చంద్రుడికి తలెక్కడ, కాళ్ళెక్కడ? నువ్వు చూశావా?" అన్నారు అధ్యక్షులు. కమిటీ యావత్తూ హోదాల వరుసలో నవ్వింది.

బావగారు ఆమె చెవి దగ్గర గొణిగారు: "ఊరుకోవే అమ్మాయ్! అక్కడెవరైనా కాలుజారి పడుతున్నారా?"

"రేపెవరైనా అడిగితే, బావా?"

"అడగడానికి ఎవరొస్తారే ఇక్కడికి? ఫ్యాను కింద కూర్చోడానికొస్తారు."

అధ్యక్షులు మైకు అందుకున్నారు. "మిత్రులారా! మా హయాంలో చంద్రుడు సైతం ఎదిగాడు! ఏమ్మా, అందరికీ వినిపించేలా చెప్పు, ఇవేమిటి?"

హాలంతా ఆమె నోటికేసి చూసింది. ఆమె ఫోటోకేసి చూసింది.

"కొండలండీ."

చప్పట్లు మోగాయి. ఉద్యోగం ఖాయమైంది. ఆమె కన్నీళ్ళను పత్రికలు ఆనందబాష్పాలని రాశాయి. మేమూ అలాగే రాస్తున్నాము.

అయితే తల బాగా పక్కకు వాల్చి చూస్తే కొండలు మళ్ళీ గుంటలవుతున్నాయని ఫిర్యాదులు అందాయి. తక్షణమే నిబంధన వెలువడింది: ఫోటోల ముందు సందర్శకులు తల పక్కకు వాల్చరాదు, పైకీ కిందికీ ఊపుటకు అభ్యంతరము లేదు. అమలు బాధ్యత సంరక్షకురాలిది.

మొదటి రోజునే ఆమె అక్క వచ్చింది. పెద్ద ఫోటో ముందు నిలబడి, తల వాల్చి, "ఇవి గుంటల్లా లేవటే?" అంది.

"అక్కా," అంది చెల్లెలు నేల చూస్తూ, "తల నిటారుగా పెట్టు."

ఇది చదువుతూ మీరు కూడా "నిజమే, లోకం ఇలాగే ఉంది" అని తల ఊపుతున్నారని మాకు తెలుసు. ఊపండి. దానికి అభ్యంతరము లేదు.