కొంగగారి చలికాలపు చట్టం

మంచు విపరీతంగా కురిసే ఉత్తరాన ఒక పెద్ద అడవిలో పరాయి జంతువులకు కూడా పౌరసత్వం ఇచ్చేవాళ్లు. ఐదు చలికాలాలు అక్కడ కాపురముండాలి, అక్కడి భాష మాట్లాడాలి, ఎవరి దగ్గరా చెయ్యి చాచకుండా బతకాలి. మధ్యలో సొంతూరు వెళ్లొచ్చినా ఎవరూ పట్టించుకునేవారు కాదు.

దక్షిణాది నుంచి వచ్చిన మంగతాయి అనే ముంగిసకు ఇంకొక్క చలికాలం గడిస్తే చాలు, పౌరురాలైపోతుంది. ఆమెకు పదవుల మీద ఆశేమీ లేదు. సొంత కలుగు తవ్వుకునే హక్కు పౌరులకే ఉంది. పరాయివాళ్లు చెట్టు తొర్రల్లో తలదాచుకోవాలి. తొర్రలోకి మంచు కొట్టి ఆమె పిల్లలిద్దరూ చలికాలమంతా దగ్గుతూనే ఉండేవాళ్లు. అందుకని చెరువు పక్కన, ఎండ తగిలే గట్టు మీద ఆమె కన్ను పడింది.

ఆ చెరువులో కప్పలున్నాయి. అడవి సభ అధ్యక్షుడు కొంగ ధవళేశ్వరరావుగారి రెండు పూటల భోజనమూ అక్కడే. ముంగిసలు కూడా కప్పల్ని తింటాయని ఆయనకు బాగా తెలుసు.

అంతలో తల్లికి ఒంట్లో బాగాలేదని మంగతాయికి కబురొచ్చింది. ఈ చలికాలం వెళ్లి చూసొస్తానని ఆమె అందరితో చెప్పింది. ఇదే అదననుకున్న కొంగగారు సభ పిలిచారు. అడవి మీద నిజమైన ప్రేమ ఉన్నవాళ్లు చలికాలంలో దాన్ని వదిలిపోరని గొంతు బొంగురుపోయేదాకా మాట్లాడారు. చలికాలం అడవి బయట గడిపినవాళ్లు తిరిగొచ్చాక మళ్లీ మొదటి నుంచి లెక్కపెట్టుకోవాలని చట్టం ప్రతిపాదించారు.

సభ గుమాస్తా తాబేలు మందరయ్య నెమ్మదిగా మెడ బయటపెట్టి, ఇది పరాయివాళ్లకేనా, అందరికా అని అడిగాడు. ఒక్క ముంగిస కోసమే చేసినట్టు కనిపిస్తే బాగుండదని కొంగగారికి తోచింది.

“అందరికీనయ్యా. చట్టం ముందు ఎక్కువ తక్కువలేముంటాయి?” అన్నారు.

అందరూ చప్పట్లు కొట్టారు.

అమ్మ దగ్గరికి వెళ్లాలా, పిల్లల కోసం ఉండాలా అని మంగతాయి మథనపడింది. చివరికి ఉండిపోయింది. కళ్లు తుడుచుకుని కొంగగారి దగ్గరకెళ్లింది.

“బాబుగారూ, మీరు ఏటా అటేగా వెళ్తారు. మా అమ్మని ఒకసారి చూసిరండి.”

ఆయన పెద్దమనసుతో ఒప్పుకుని, మొదటి మంచు పడకముందే ఎగిరిపోయారు. తన ప్రయాణాన్ని అడవి వదిలిపోవడంగా ఆయన ఏనాడూ అనుకోలేదు. అది అధ్యక్షుల వారి పర్యటన.

వసంతంలో తిరిగొస్తే సరిహద్దులో మందరయ్య ఎదురయ్యాడు. పరాయివాళ్ల వరస అటువైపని వినయంగా చూపించాడు.

“మందరయ్యా, ఆ చట్టం చేసిందే నేను!”

“తెలుసండి. తమరు చేసిన చట్టం కాబట్టే మార్చడానికి ఎవరికీ ధైర్యం చాల్లేదు.”

ఈలోగా మంగతాయి పౌరురాలైంది. గట్టు మీద కలుగు తవ్వింది. పిల్లల దగ్గు తగ్గింది. ఆమె పరుగున వచ్చి ముందు తల్లి సంగతి అడిగింది. కొంగగారు మాట తప్పలేదు, వెళ్లి చూశారు. ముసలావిడ కోలుకుందట. కూతురికి సొంత కలుగు ఉంటే తనే వస్తానందట. మంగతాయి అక్కడికక్కడే రెండు పల్టీలు కొట్టింది.

తరవాత ఆయన్ని తన పాత తొర్రకు తీసుకెళ్లి, మంచు రాకుండా గడ్డి ఎక్కడ దోపాలో చూపించింది.

మళ్లీ చలికాలం వచ్చి చెరువు గడ్డకట్టింది. ఎగిరిపోతే లెక్క మళ్లీ మొదటికొస్తుందని కొంగగారు తొర్రలోనే ఒంటికాలి మీద వణుకుతూ నిలబడ్డారు. చెయ్యి చాచారో, షరతు తప్పినట్టే. విందుకు పిలిస్తే వెళ్లడం అడుక్కోవడం కిందకి రాదని మందరయ్య చాలాసేపు ఆలోచించి తేల్చాడు. అప్పటి నుంచి మంగతాయి ఇంట్లో రోజూ ఏదో ఒక పండగే.

నీతి: పరాయివాళ్లను ఆపడానికి చట్టం చేసినవాడు ఇల్లు కదలకూడదు.